గోడకవతల ఏడు తీగలు

మాంసం ముట్టని ఇంట్లో పుట్టి పెరిగి, వారానికి సగం బాతు చొప్పున బేరం గెలిచిన మొనగాణ్ణి నేను. అల్లాటప్పా బాతు కాదు. తేనె పూసి, కొక్కేనికి వేలాడదీసి, చర్మం పెళపెళలాడేలా కాల్చిన బాతు. బేరం కుదిరిన రోజు ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాను. "సగం బాతా? ఎవరు తింటారండీ?" అని నా భార్య సుజాత అడిగేదాకా ఆ సంగతే తట్టలేదు. విజయవాడ వన్‌టౌన్‌లో మా తాతా, నాన్నా స్టీలు సామాన్ల కొట్టు నడిపారు. ఎదుటివాడు ఏదైనా అడిగితే ఊరికే సరేననడం మా ఇంట్లో తలవంపులు. బదులుగా ఏదో ఒకటి పుచ్చుకోవాలి. పుచ్చుకున్నది మనకు పనికొస్తుందా లేదా అన్నది తర్వాత తీరిగ్గా ఆలోచించుకునే విషయం. ఆ బాతు వారం వారం ఎదురింటి టోంగా దీవుల వాళ్లకి వెళ్లేది, వాళ్ల పెరట్లోని చేమదుంపలు మాకొచ్చేవి. కాబట్టి నష్టపోయానని మాత్రం అనకండి.

బాతు ఇచ్చినావిడ ఈ చలికాలంలో పోయింది. మొన్న ఆవిడ కొట్టు తీసుకున్న కొత్తవాళ్లు మాంసం నరికే మొద్దును బయటికీడ్చి ఫుట్‌పాత్ మీద పడేశారు. మోయలేక దొర్లించారు దాన్ని. ఏళ్ల తరబడి దెబ్బలు తిని నడుమ పళ్లెంలా గుంటపడిన చెక్క. ఆ గుంటలో వాననీళ్లు నిలిచాయి. చెత్త లారీ వచ్చేలోపు ఆవిడ గురించి రాసేయాలనిపించింది. పేరు రాయను. బతికుండగా అడిగితేనే చెప్పేది కాదు. "పేరెందుకు? బాతు కావాలా, వద్దా?" అనేది.

న్యూజిలాండ్‌లోని మౌంట్ రాస్కిల్‌లో మాది కొట్ల వరస. నాది డైరీ. ఇక్కడ డైరీ అంటే పాలూ బ్రెడ్డూ సిగరెట్లూ లాలీపాప్‌లూ అమ్మే చిల్లర కొట్టు. చదువుకోవడానికని ఈ దేశం వచ్చి, చదువు ముగించి, ఉద్యోగంలో పైవాడు చెప్పిన ధరకే పనిచేయడం ఒంటికి పడక మళ్లీ కౌంటర్ వెనక్కే చేరినవాణ్ణి. నా పక్క కొట్టు ఆవిడది. మా మధ్య ఉన్నదాన్ని గోడ అనడం మర్యాద కోసం. అట్టముక్కకు రంగేసినట్టుండేది. పొద్దున్నే అటు కత్తి పడడం మొదలైతే ఇటు నా నూడుల్స్ పాకెట్లు అరమీంచి ఒక్కొక్కటే దూకేవి. మెడ తెగిన చప్పుడు వేరు, వెన్ను పగిలిన చప్పుడు వేరు, కాలి కీలు విరిగిన చప్పుడు వేరు. ఆవిడ వ్యాపారం ఎలా ఉందో నేను గోడ విని చెప్పగలిగేవాణ్ణి.

అరవై దాటిన మనిషి. భుజాలు మాత్రం మూటలు మోసేవాడివి. అరచెయ్యంత వెడల్పున్న కత్తిని ఎడంచేత్తో పట్టేది. ఎడంచేతివాటం కాబోలనుకున్నాను చాన్నాళ్లు. కాదు, డబ్బు లెక్కపెట్టడం, పెన్ను పట్టడం, తిట్టేటప్పుడు వేలు చూపించడం అన్నీ కుడిచేత్తోనే. కొట్టు తీసి ఉన్నంతసేపూ ఆ కుడిచేతికి పసుప్పచ్చ రబ్బరు గ్లోవు ఉండేది. దాన్ని పసిపాపలా ఒడిలో పెట్టుకుని కూర్చునేది. ఆ ఒక్క చెయ్యి తప్ప లోకంలో మరి దేన్నీ ఆవిడ మెల్లిగా తాకగా నేను చూడలేదు. చిల్లర ఇవ్వాలంటే కౌంటర్ మీద ఈగను చంపినట్టు కొట్టి ఇచ్చేది. పుచ్చకాయ కొనాలంటే ముందు దాని చెంప పగలగొట్టేది. ఒకసారి ఎవడో సూటువాడు ఆవిడ కొట్టుకి అడ్డంగా కారు ఆపి బ్యాంకుకి పోయాడు. వాడొచ్చేసరికి బానెట్ మీద బాతు తలకాయలు వరసగా పేర్చి ఉన్నాయి, అన్నీ వాడి సీటు వైపే చూస్తున్నాయి. వాడు కేకలేస్తుంటే ఆవిడ చేతులు కట్టుకుని, "నీకే. ఫ్రీ" అంది.

ఆవిడ ఇంగ్లీషు కూడా నరికిన ముక్కల్లాగే ఉండేది. నాది కొట్టు ఇంగ్లీషు. ఇద్దరికీ సరిపోయేది. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను, తిట్లు కొంత తగ్గించి. నేను ఆంటీ అనేవాణ్ణి. ఆవిడ నన్ను బాస్ అనేది. ఆ మాటలో గౌరవం వెతక్కండి.

ఒక సాయంత్రం నా కొట్టుకొచ్చి పాల ఫ్రిజ్‌ను కాలితో ఒక్కటి తన్నింది.

"దీన్ని ఆపు."

"ఎందుకు ఆంటీ?"

"రోజూ. నేను కొట్టు కట్టేశాక ఒక గంట."

"పాలు పాడైపోతాయి."

"గంటకి పాలు చావవు, బాస్."

"ఐస్‌క్రీమ్ చస్తుంది."

"ఐస్‌క్రీమ్ వేరే పెట్టె. అది కిటికీ పక్కనుంది, నేను చూశా. నాక్కావల్సింది ఈ గోడ పక్కది. గుర్రు గుర్రు గుర్రు. దీని గొంతు పిసికెయ్యి."

మొత్తం ఆపనన్నాను. ఆపితే నాకేంటన్నాను. పక్కవాళ్లన్నాక సర్దుకోవాలంది. సర్దుకోవడానికి నేను దేవుణ్ణా, డైరీవాణ్ణి అన్నాను. కాళ్లు, మెడ ఇస్తానంది. నవ్వాను. రెక్కలు కలిపింది. తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చింది. ఆ వెళ్లడం చూసి నాకు కడుపు నిండిపోయింది. వన్‌టౌన్ వదిలాక అంత నిజాయితీగా అలిగి తలుపుదాకా వెళ్లిన మనిషిని నేను చూడలేదు. చివరికి ఒప్పందం ఇదీ: ఫ్రిజ్ చల్లదనం కాస్త తగ్గించి పెడతాను, అప్పుడది ఆ గంటలో ఒక్కసారే మోగుతుంది. ఆ ఒక్కసారి మోగడం మాత్రం ఆవిడ భరించాలి. బదులుగా వారానికి సగం బాతు.

"ఒక్కసారి. ఎంతసేపు?"

"దాని ఇష్టం ఆంటీ."

ఆవిడ నా ఫ్రిజ్ కేసి శత్రువును గుర్తుపెట్టుకునేటట్టు చూసింది. తర్వాత కుడిచేతి గ్లోవు తీసి, చెయ్యి చాపింది. అప్పుడు చూశాను. నాలుగు వేళ్లకీ పొడవాటి గోళ్లు, పాలిష్ చేసినట్టు నున్నగా ఉన్నాయి.

అంత బేరం దేనికోసమో తెలుసుకోవాలని మర్నాడు ఆవిడ వెనక గదిలోకి దూరాను. గోడకానించిన బల్ల మీద నల్లటి లక్క పూసిన పొడవాటి చెక్క. దాని మీద ఏడు తీగలు. సుజాత పుట్టింట్లో వీణ చూసినవాణ్ణి కాబట్టి మెట్ల కోసం వెతికాను. లేవు. ఒక అంచున ముత్యపుచిప్ప చుక్కలు వరసగా పొదిగి ఉన్నాయి, అంతే. గుచిన్ అంది, చైనావాళ్ల పాత వాద్యం. గ్లోవు తీసిన చెయ్యి దాని మీద పెట్టి ఒక తీగ మీటింది.

ఆవిడ ఇంకా మీటలేదేమో అనుకున్నాను. అంత చిన్న చప్పుడు. పక్కింట్లో ఎవరో ఇత్తడి బిందె కింద పెట్టి, ఎవరూ నిద్ర లేవకూడదని చేత్తో పట్టుకున్నట్టు. పగలంతా ఎముకలు పగలగొట్టే మనిషి, ఇదా వాయించేది!

పక్కన కాగితాలున్నాయి. నిలువు వరసల్లో గుర్తులు. చైనా అక్షరాల్లాగే ఉన్నాయి కానీ చైనావాళ్లకి కూడా చదవడం రాదట. ఒక్కో గుర్తూ మన సంయుక్తాక్షరంలా ఉంది. ఒత్తు, ఒత్తుకి మళ్లీ ఒత్తు. పైభాగం ఎడమచేతికి: ఏ వేలితో, ఏ చుక్క దగ్గర తీగను నొక్కాలి. కిందిభాగం కుడిచేతికి: ఏ తీగను ఏం చెయ్యాలి.

"సరిగమలు ఏవి ఆంటీ? శబ్దం పేరు?"

"లేదు."

"తాళం? ఎంతసేపు మోగాలి?"

"లేదు."

"మరి ఏం రాసినట్టు?"

"చెయ్యి రాశారు. చెవి నువ్వే కొనుక్కో."

ఒక్కో గుర్తుకీ అర్థం చెప్పింది. ఉంగరం వేలితో లోపలికి లాగితే ‘కొట్టు’. నడివేలితో లాగితే ‘కొక్కెం వెయ్యి’. అదే వేలితో బయటికి తోస్తే ‘ఎముక మీది మాంసం గీకు’. బొటనవేలికి ‘చీల్చు’. ఎడమచేతివి ఇంకా ఘోరం: ‘గిచ్చు’, ‘మూలుగు’, ‘ఢీకొట్టు’. పోలీసు స్టేషన్ గోడమీద రాయాల్సిన మాటలు. అన్నీ చేస్తే వచ్చేది మాత్రం దోమ రెక్క చప్పుడు. నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "గట్టిగా కొడితే ఎవడైనా వింటాడు. మెల్లిగా కొట్టి చంపు చూద్దాం" అంది.

చంపడం ఊరికే అన్నమాట కాదు. ఆవిడ రోజూ పట్టే పాట అదే, చంపే పాట. ఒక పడవవాడు. వాడి చెల్లెల్ని చంపిన సేనాపతి ఓ తెల్లవారుజామున ఆ రేవుకే వస్తాడు. పడవవాడు ఎక్కించుకుంటాడు. నడి నదిలో చంపుతాడు. అంతే కథ. పాట ముక్కలకి పేర్లున్నాయి: తెడ్డు, పొగమంచు, నడి నది, మెడ, నీళ్లు. చేతులు ఏం చేయాలో అంతా కాగితం మీద ఉంది, ఎంతసేపు చేయాలో లేదు. మా అమ్మ వంట చెప్పినట్టే: వేగనిచ్చి దించు. ఎంత వేగనివ్వాలి? పేలితే తెలుస్తుంది. మాడితే కూడా తెలుస్తుంది. అలా ఒక్కో చప్పుడుకీ కాలం వెతుక్కుంటూ ఆవిడ ఏళ్లు గడిపింది. గోడ ఇవతల నేను వింటూండేవాణ్ణి. నాలుగు మీటులు, ఓ తిట్టు, బల్ల మీద ఓ గుద్దు. "రాసినవాడు దొంగ! చెయ్యి అమ్మి, కాలం దాచుకున్నాడు!" మళ్లీ మొదటినుంచి. చివరి ముక్క, నీళ్లు, అసలు లొంగలేదు.

"మొత్తం ఒక్కసారి తప్పు లేకుండా వాయిస్తే చాలు, బాస్. వాణ్ణి ఒక్కసారి సరిగ్గా చంపాలి" అనేది. ఆవిడ కోరిక ఇంకేదీ నేను వినలేదు. ఎవరి దగ్గర నేర్చుకుందో, సేనాపతి ఆవిడకి ఎవరో అడిగితే కత్తి చేతిలోకి వచ్చేది. అడగడం మానేశాను.

కొన్నాళ్లకి ఆ గంట నాది కూడా అయింది. గిరాకీ లేనప్పుడు నూడుల్స్ అర దగ్గర గోడకి చెవి ఆనించి నిలబడేవాణ్ణి. సంగీతం తెలియదు. కానీ ఎదుటివాడు ధర చెప్పేముందు ఎంతసేపు ఆగుతాడో తెలుసు. ఆ ఆగడంలోనే ఉంటుంది సంగతంతా. నడి నది అయిపోయాక ఆవిడ ఆగేది. చాలాసేపు. నాకు కళ్లకి కట్టేది: పడవవాడు తెడ్డు పైకెత్తాడు, తెడ్డు నుంచి నీళ్లు కారుతున్నాయి, సేనాపతి వెనక్కి తిరిగి చూడలేదు. అప్పుడు దెబ్బ. ఒళ్లు జలదరించేది. సుజాతకి కూడా చెప్పాను, ఆ ఆగడం ఒక్కటీ చాలు, టికెట్టు పెట్టొచ్చని.

ఆ రోజు కూడా అక్కడే, గోడ దగ్గరే ఉన్నాను. అందుకే తలుపు వైపు చూడలేదు.

వేసవి సాయంత్రం, బయట ఇంకా ఎండ ఉంది. ముసుగులేసుకుని ఇద్దరు. ఒకడి చేతిలో సుత్తి. బయట కారు ఇంజిన్ తిరుగుతోంది. మొదటి దెబ్బకి లాలీపాప్‌ల సీసా పగిలింది, రెండోదానికి సిగరెట్ల బీరువా అద్దం. "సిగరెట్లు! గల్లాపెట్టె!" అని అరుస్తున్నారు. తాళం తీస్తాను బాబూ, తీస్తానంటున్నాను. తీస్తున్నాను కూడా. అయినా సుత్తివాడు నా కణత మీద ఒకటి వేశాడు. నేల మీద, రంగురంగుల చాక్లెట్ల మధ్య, నా నెత్తురు చూస్తూ "అమ్మా!" అని అరిచాను. ఇన్నేళ్ల న్యూజిలాండ్ ఇంగ్లీషు ఆ ఒక్క దెబ్బకి పోయింది.

గోడకవతల చప్పుడు ఆగిపోయింది.

ఆవిడ తలుపు తీసుకుని రాలేదు, తలుపును కొట్టుకుని వచ్చింది. గ్లోవు లేదు. ఎడంచేతిలో కత్తి. "నా గంట! నా గంటలో గోల!" అని అరుస్తూ గల్లాపెట్టె మీదున్న రెండోవాడి వేళ్ల పక్కన, బెత్తెడు దూరంలో కత్తి దింపింది. వాడి చేతిలోని సిగరెట్ డబ్బాలు రాలిపోయాయి. కత్తి కౌంటర్ చెక్కలో సగందాకా దిగి ఇరుక్కుపోయింది. ఆవిడ దాన్ని లాగబోతుంటే సుత్తి ఆ ఎడంచేతి మీద పడింది. ఎముక విరిగే చప్పుడు నాకు కొత్త కాదు. రోజూ గోడకవతల వినేదే. కానీ ఇది మొద్దు మీద పడ్డ చప్పుడు కాదు.

ఆవిడ కేకైనా వేయలేదు. కుడిచేత్తో సుత్తివాడి ముసుగు పట్టి పీకింది. కింద మీసాలు రాని మొహం. ఆ మొహం మీద గోళ్లు నాలుగూ దింపి గీకింది. వాడు ఏడుస్తూ పరిగెత్తాడు, రెండోవాడు వెనకే. కారు టైర్లు కీచుమన్నాయి. ఆవిడ నేల మీద కూలబడి ముందు కుడిచేతి గోళ్లు చూసుకుంది. నాలుగూ ఉన్నాయి. తర్వాత ఎడమచెయ్యి చూసింది. చాలాసేపు చూసింది.

బొటనవేలు నలిగింది, ఉంగరం వేలు విరిగింది. ఆస్పత్రిలో లోపల ఇనుప చువ్వలు పెట్టి అతికారు. వేళ్లు దక్కాయి, వంగడం పోయింది. గుచిన్ మీద ఎడంచేతికి ముఖ్యంగా కావలసినవి ఆ రెండే.

నేను కుట్లతో కొట్టు తెరిచాక సుజాత రోజూ నాతోనే ఉండేది. నన్ను ఒంటరిగా వదలనంది. పక్క కొట్టులో ఆవిడ ఒక మనిషిని పెట్టుకుని బాతులు నరికించేది. వాడి చప్పుడు వేరు, ఒక్క ఎముకకి మూడు దెబ్బలు. వాడు వెళ్లిపోయాక నిశ్శబ్దం. నేను అలవాటుగా ఫ్రిజ్ తగ్గించేవాణ్ణి. దేనికోసమో తెలీదు.

ఒక సాయంత్రం ఆ నిశ్శబ్దంలో ఏదో బరువైనది మొద్దు మీద పెట్టిన చప్పుడైంది. నాకు ఆ మొద్దు మీద పడేవన్నీ తెలుసు. ఇది బాతు కాదు. ఇద్దరం పరిగెత్తాం. ఆవిడ గుచిన్‌ను మొద్దు మీద అడ్డంగా పడుకోబెట్టి, అలవాటులేని కుడిచేత్తో కత్తి ఎత్తి ఉంది.

"ఆంటీ, వద్దు!"

"పొయ్యిలోకి! దీంతో బాతు కాలుస్తా! దగ్గరికి రాకు, బాస్, నీ మెడ కూడా ఇక్కడే!"

నేను ఆగిపోయాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ కత్తి పని నాకు తెలుసు. సుజాత ఆగలేదు. నేరుగా వెళ్లి తన ఎడంచెయ్యి తీగల మీద, కత్తి కింద పెట్టింది.

"నరికితే దీంతో కలిపి నరకండి. లేదా ఈ చెయ్యి వాడుకోండి. మీకు లేనిది ఎడంచెయ్యే కదా? నేను పదేళ్లు వీణ నేర్చుకున్నాను."

ఆవిడ ఆ చేతికేసి చూసింది. కత్తి మెల్లిగా దిగింది. మొద్దులోకి కాదు, పక్కకి. సుజాత వేళ్లను కూరగాయలు ఏరినట్టు ఒక్కొక్కటే వంచి, గిల్లి, తిప్పి చూసింది.

"పప్పు చెయ్యి. బలం లేదు" అంది. ఆ తర్వాత, "రేపు రా. గోళ్లు కత్తిరించుకుని రా."

ఆ రాతలో ప్రతి గుర్తూ రెండు చేతులకీ విడివిడిగా పని చెబుతుంది కాబట్టి ఇద్దరు మనుషులు పంచుకోవచ్చని ఎవరికి తోచేది! గుచిన్ ముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్లు. పైభాగం సుజాతది, కిందిభాగం ఆవిడది. ఆవిడ మీటుతుంది, సుజాత నొక్కి జారుస్తుంది. మొదటి వారాలు యుద్ధం. వీణ అలవాటున సుజాత తీగను పక్కకి లాగి గమకం వేసేది. ఇక్కడ లాగకూడదు, తీగ వెంటే జారాలి. లాగినప్పుడల్లా వేళ్ల కణుపుల మీద చాప్‌స్టిక్‌తో టప్పున ఒకటి. "ఇది నీ వీణ కాదు! మెడ! మనిషి మెడ!" మా అమ్మ ముందు ఏనాడూ గొంతెత్తని సుజాత, ఒకరోజు ఆ చాప్‌స్టిక్ లాక్కుని ఆవిడ కుడిచేతి మీద అంతకంటే గట్టిగా ఒకటిచ్చింది. ఆవిడ చెయ్యి చూసుకుంది, సుజాతని చూసింది, నోరంతా తెరిచి నవ్వింది. "ఇప్పుడు వచ్చింది బలం!" అంది. ఆ రాత్రి సుజాత కమిలిన కణుపులకి వెన్న రాసుకుంటూ, "రాక్షసి అండీ బాబూ" అంది. మర్నాడు నాకంటే ముందే తయారై కార్లో కూర్చుంది.

పాట ముక్కలు ముక్కలుగా లేచి నిలబడింది. కాలం చెప్పేవాణ్ణి నేను. ఆవిడకి మీటడం, సుజాతని తిట్టడంతోనే సరిపోయేది. ఏళ్లుగా గోడ ఇవతలి నుంచి విన్నవాణ్ణి కదా, ఎక్కడ ఎంతసేపో నా ఒంట్లో ఉంది. చెయ్యి ఎత్తి ఆపేవాణ్ణి, దించితే సాగేది. నడి నది దగ్గరికొచ్చారు. ముగిసింది. చెయ్యెత్తాను. సుజాత ఆగింది. ఆవిడ మీటబోయి నన్ను చూసింది.

"ఏంటి?"

"ఆగాలి ఆంటీ. ఇక్కడ మీరు ఎప్పుడూ ఆగుతారు."

"ఎవరు చెప్పారు?"

"నేను విన్నాను కదా. రోజూ. చాలాసేపు. తెడ్డు పైకెత్తి..."

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. చాప్‌స్టిక్ నా మీదికి విసిరింది. నుదుటికి తగిలింది.

"గాడిదా! అది నీ ఫ్రిజ్!"

నాకు అర్థం కాలేదు.

"నీ దరిద్రపు ఫ్రిజ్! అప్పుడే మోగేది. అది చచ్చేదాకా చేతులు గాల్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. దాన్ని తిడుతూ!"

డైరీవాడికి తన ఫ్రిజ్ మోత వినపడదు. అది ఆగిపోతే ఉలిక్కిపడతాడు, మోగుతుంటే నిద్రపోతాడు. ఇన్నేళ్లూ నేను ఒళ్లు జలదరించి విన్న ఆ నిశ్శబ్దం నా చెవి పక్కనే గుర్రుమంటున్న కంప్రెసర్. అమ్మేవాడు తూకం రాయి చప్పుడు వినడు. సుజాత పొట్ట పట్టుకుని నవ్వుతోంది. టికెట్టు పెట్టొచ్చన్నాను కదా అని గుర్తుచేసి మరీ నవ్వింది.

"ఆగకుండా వాయిద్దాం" అంది ఆవిడ. వాయించారు. నడి నది, వెంటనే మెడ. ఎవడో బస్సు దిగుతూ ఎవణ్ణో తోసేసినట్టుంది. ఆవిడ పెదవి కొరుక్కుంది.

"ఇంకోసారి. ఫ్రిజ్‌తో."

చెయ్యెత్తాను. గదిలో ఏ మోతా లేదు. నేను నా ఒంట్లో ఉన్న కంప్రెసర్ ఆగేదాకా ఆగి, దించాను. దెబ్బ పడింది. సుజాత చేతి మీద రోమాలు లేచి నిలబడడం నాకు కనిపించింది. ఆవిడ పెన్ను తీసుకుంది. కాస్త ఆగు అని చెప్పే గుర్తు ఒకటి ఆ రాతలో ఉందట, ఎంతసేపో చెప్పదు. దాన్ని రెండు ముక్కల మధ్య ఇరికించి, పక్కన చిన్న చదరపు పెట్టె గీసింది. పెట్టెకి తలుపు, తలుపుకి పిడి.

"నా ఫ్రిజ్‌కి బాతెంత ఇస్తారు ఆంటీ?" అన్నాను.

"బతకనిచ్చాను. చాలదూ?"

ఆ వారంలోనే ఒక సాయంత్రం మొత్తం వాయించారు. ఫ్రిజ్‌లన్నీ పూర్తిగా ఆపేశాను, ఐస్‌క్రీమ్‌తో సహా. రెండు కొట్ల షట్టర్లూ దించాం. తెడ్డు, పొగమంచు, నడి నది. చెయ్యెత్తాను, దించాను. మెడ. ఆవిడ ‘చీల్చు’ మీటినప్పుడు తీగ తెగిందేమోననుకున్నాను. అంత చిన్న చప్పుడులో అంత హత్య పడుతుందని నేను అనుకోలేదు. ఇక మిగిలింది నీళ్లు, ఆవిడకి ఎన్నడూ లొంగనిది. దాంట్లో కుడిచేతికి పని దాదాపు లేదు. ఒక్క మీటు, ఆ తర్వాత ఎడంచెయ్యి తీగ మీద జారుతూనే పోవాలి. చప్పుడు చచ్చిపోయింది. సుజాత ఆగబోయింది.

"పో, పో!"

"శబ్దం అయిపోయింది ఆంటీ."

"చంపినవాడు పడవ అక్కడే ఆపుతాడా? ఒడ్డు చేరాలా, వద్దా? పో!"

సుజాత వేలు పోయింది. చర్మం తీగ మీద రాసుకుంటున్న రాపిడి ఒక్కటే వినిపించింది, నీళ్ల మీద పడవ జరిగినట్టు. అదీ సన్నబడింది. ఆగింది. ఆవిడ వంగని బొటనవేలితో నుదుటి చెమట తుడుచుకుని, బల్ల మీద మెల్లిగా, ఆ చెయ్యి ఏనాడూ ఎరగనంత మెల్లిగా, అరచెయ్యి ఆనించింది.

"చచ్చాడు" అంది.

మళ్లీ ఆ పాట పట్టలేదు. సుజాతకి వేరే పాటలు నేర్పింది, తిట్టింది. చలికాలంలో ఒక పొద్దున కొట్టు తెరవలేదు. నిద్రలోనే పోయిందన్నారు. అంత నెమ్మదిగా ఆవిడ చేసిన పని అదొక్కటే అయ్యుంటుంది.

ఇక లెక్క. మా ఇంట్లో లెక్క చెబితే రెండు వైపులా చెప్పాలి. నా వైపు పోయినవి: అద్దాలు, సిగరెట్లు, ఒక కౌంటర్ చెక్క. అన్నీ మళ్లీ వచ్చాయి. కణత మీద కుట్లు. జుట్టు దువ్వితే కనపడవు. నాకు వచ్చినవి: ఇంట్లో సాయంత్రాలు సుజాత చేతి కింద మోగే ఆ ఏడు తీగలు, రోజుకొక గంట వినడం నేర్చిన చెవి.

ఆవిడ వైపు రాయాలంటే పైన చెప్పినదొకటి దిద్దాలి. కత్తి లాగబోతుంటే ఆ చేతి మీద సుత్తి పడిందని అందరికీ చెబుతాను, మీకూ చెప్పాను. అలా చెబితే అది ఆవిడకీ వాడికీ మధ్య జరిగిన గొడవలా ఉంటుంది. జరిగింది అది కాదు. కత్తి ఇరుక్కోగానే ఆవిడ దాన్ని వదిలేసింది. సుత్తి రెండోసారి నా తల మీదికి లేచింది. ఆవిడ వంగి, ఆ ఎడంచెయ్యి తెచ్చి నా నెత్తికి అడ్డం పెట్టింది. పక్కనే గోళ్లున్న కుడిచెయ్యి ఉంది. ఏది ఇవ్వాలో ఎంచుకునేంత వ్యవధి ఉందో లేదో నాకు తెలీదు. విప్పిన ఆ వేళ్ల సందుల్లోంచి ట్యూబ్‌లైటు కనిపించింది, తర్వాత సుత్తి. ఆవిడ ధర అడగలేదు. నేను చెప్పలేదు. మొత్తం ఆవిడే కట్టింది.